ఆమ్లము దేనిని తినును, దేనిని తినదు

పులుపు నెరుగని వంట మన తెలుగునాట లేదు. చింతపండు, నిమ్మ, పచ్చిమామిడి, ఉసిరిక, చుక్కకూర, పులిసిన మజ్జిగ, వీనిలో ఏదో యొకటి లేక మనకు ముద్ద దిగదు. ఈ పులుపునకు మూలమైన పదార్థమునే శాస్త్రజ్ఞులు ఆమ్లమందురు. చింతపండులోని దానికి టార్టారికామ్లమనియు, నిమ్మలోని దానికి సిట్రికామ్లమనియు, మజ్జిగలోని దానికి లాక్టికామ్లమనియు పేర్లు. శనగచేనిలో తెల్లవారుజామున తిరిగిన రైతు కాళ్ళకు దురద పుట్టించునదియు, చెప్పుల తోలును చెరచునదియు ఆ మొక్క నూగునుండి యూరెడు పులుసే. అందు మాలికామ్లమును, ఆక్సాలికామ్లమును కలవు. వెనుకటివారు మంచుపడు రాత్రులందు శనగచేనిపై పలుచని బట్ట పరచి, తెల్లవారి దానిని పిండి, ఆ పులుసును మందునకై సీసాలో దాచెడివారు.

ఇవన్నియు సాధుస్వభావము గల ఆమ్లములు. ఇవి గాక క్రూరములైనవి మూడు మన పల్లెలలోనికి వచ్చియున్నవి. ట్రాక్టరు బ్యాటరీలో నుండునది గంధకామ్లము. మరుగుదొడ్డి కడుగుటకును, డ్రిప్పు గొట్టములు శుభ్రపరచుటకును కొనునది హైడ్రోక్లోరికామ్లము. ఉప్పునుండి తీయబడుటచే దీనిని లవణామ్లమనియు నందురు, ఈ వ్యాసమున మేమును అట్లే పిలుతుము. మూడవది కంసాలి దగ్గర నుండు నత్రికామ్లము. మొదటి రెండును నేడు పెగడపల్లి చుట్టుపట్ల పసుపుతోటలు గలవారి పాకలలో ఎరువుల బస్తాల ప్రక్కనే కనబడుచున్నవి.

“సారూ, ఈ యాసిడు ఎంత గట్టిది?” అని సభ్యులు మమ్ము తరచుగా అడుగుచుందురు. ఇది యడుగవలసినదే గాని, దీనితో సరిపోదు. ప్లాస్టికు డబ్బాలో ఏడాది పొడవున నిమ్మళముగా నున్న లవణామ్లమే, ఇనుప బకెట్టులో పోసిన క్షణమున బుసకొట్టి దానిని తినుట మొదలుపెట్టును. ఆమ్లము మారలేదు, అది తాకిన వస్తువు మారినది. కావున ఆమ్లము చేతికి తీసికొనుటకు ముందు, అది తాకబోవు వస్తువు దేనితో చేయబడినదని విచారింపవలెను. ఈ విచారణ లేకపోవుటచేతనే గొట్టములు, గచ్చులు, గిన్నెలు, బట్టలు, ఒక్కొక్కప్పుడు కన్నులును పోవుచున్నవి.

ముందుగా ఒక ద్రవము ఆమ్లమగునో కాదో తెలిసికొను ఉపాయము చెప్పెదము. నాలుకపై వేసి చూచుట ఎంతమాత్రము తగదు. బడులలో లిట్మసు కాగితము వాడుదురు. మేము చదివిన మిషను బడిలో ఆ నీలి కాగితపు ముక్కలను మా అయ్యవారు కాసులవలె లెక్కించి యిచ్చెడివారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి సీమల రైతునకు ఆ కాగితము దొరకకున్నను లోటు లేదు, పసుపు కలదు గదా. పసుపులో సున్నము కలిపిన ఎర్రనగుట పారాణి కలుపు ప్రతి యిల్లాలికి తెలియును. కూరమరక పడిన చొక్కాకు సబ్బు రుద్దగానే మరక ఎర్రబారుటయు నిదియే. సున్నము, సబ్బు, చాకలిసోడా, బూడిదనీరు మొదలైన వానిని క్షారములందురు. ఇవి ఆమ్లములకు విరోధులు. ఒక చెంచా పసుపును స్పిరిటులో కలిపి, వడగట్టి, తెల్లకాగితపు ముక్కల నందు ముంచి నీడలో ఆరబెట్టిన పసుపు కాగితము సిద్ధమగును. క్షారము తగిలిన నది ఎర్రనగును. ఆమ్లమును కనుగొనవలెనన్న, ముందుగా ఆ కాగితమును సున్నపుతేటతో ఎర్రజేసి, పిమ్మట పరీక్షింపదలచిన ద్రవమును ఒక చుక్క వేయవలెను. ఆమ్లమైనచో ఎరుపు పోయి మరల పసుపువన్నె వచ్చును. ఖర్చు లేని ఈ కాగితముతో ముందు ముందు పని గలదు.

ఇక వస్తువుల సంగతి. ఆమ్లమునకు అన్నిటికంటె వేగముగా లొంగునవి సున్నపు జాతివి. కోడిగ్రుడ్డు పెంకును నిమ్మరసములో వేసి చూడుడు. కొద్దిసేపటికి పెంకు చుట్టును బుడగలు లేచును. ఆ బుడగలలోనిది పూర్వపు పుస్తకములలో బొగ్గుపులుసుగాలి యని వ్రాయబడినదియు, ఇప్పుడు కార్బన్ డయాక్సైడని పిలువబడునదియు. సోడాబుడ్డిలో పొంగునది అదియే. పెంకులోని సున్నము ఆమ్లములో కరగిపోవునప్పుడు అందు బంధింపబడియున్న ఈ గాలి విడుదల యగును. శాబాదు బండ, తాండూరు బండ, పాలరాయి, ఆలిచిప్ప, గవ్వ, పాతగోడల గచ్చు, ఇవన్నియు గ్రుడ్డుపెంకునకు చుట్టములే.

శాబాదుబండలు పరచిన యింటిలో, మరకలు పోవునని లవణామ్లము పోసి కడుగు వాడుక ఈ మధ్య హెచ్చినది. మరక నిజముగానే పోవును, ఏలనన మరకతో గూడ బండపొర పోవును. రెండుమూడు సారులట్లు చేసిన నున్నని బండ గరుకై, ఆ గరుకులో క్రొత్త మురికి పట్టి, మునుపటికంటె నల్లబడును. అప్పుడు యజమాని మరికొంత ఆమ్లము తెచ్చును. కరీంనగరము చుట్టును తవ్వితీయు గ్రానైటురాయి అట్టిది కాదు. అందు సున్నపురాతి పాలు లేదు. పలుగురాయి మొదలగు కఠిన ఖనిజములతో ఏర్పడినది గనుక వంటింటి పులుపునకు గాని, లవణామ్లమునకు గాని అంత త్వరగా లొంగదు. అయినను రెండు గ్రానైటు పలకల నడుమ పూసిన సిమెంటు సున్నముతో గూడినదే. పలక నిలిచియుండగా అతుకు కరగిపోయి నీరు క్రిందికి దిగును.

పాడిపశువులు గలవారు పాతరగడ్డి వేయునప్పుడును ఈ సంగతి మరువరాదు. పాతరలో మక్కచొప్ప పులిసి లాక్టికామ్లము పుట్టుటచేతనే అది చెడక నిలుచును. ఆ పులుసునీరు సిమెంటుగోడను ఏటేటా కొరుకును. గోడకు దళసరి ప్లాస్టికుపట్ట తొడిగినచో గోడయు నిలుచును, గడ్డియు బాగుండును.

సున్నమును ఆమ్లము పట్టుకొను ఈ గుణమునే మట్టిపరీక్షకు వాడుకొనవచ్చును. గాజుపాత్రలో రెండు పాళ్ళు నీరు తీసికొని, అందు ఒక పాలు లవణామ్లమును మెల్లగా కలిపి, ఆ ద్రవమును చేనిమట్టిపై నాలుగు చుక్కలు వేయవలెను. మట్టి బుసబుస పొంగినచో అందు విడిసున్నము హెచ్చుగా నున్నదని గుర్తు. నల్లరేగడులలో, ముఖ్యముగా తెల్లని సున్నపుగుల్లలు కనబడు చోట్ల, ఈ పొంగు చూడవచ్చును. చల్కనేలలలో సాధారణముగా ఏమియు కాదు. పొంగు నేలలో జింకు, ఇనుము మొక్కకందక ఆకులు పాలిపోవును. వరికి రబీలో ఎకరమునకు 20 కిలోల జింకుసల్ఫేటు దుక్కిలో వేయుమని చెప్పుట ఇందులకే. దానిని భాస్వరపు టెరువుతో కలిపి మాత్రము వేయరాదు. ఇది తొలిపరీక్ష మాత్రమే. నేల సంగతి పూర్తిగా తెలియగోరువారు మండల వ్యవసాయాధికారిని గాని, జగిత్యాల దగ్గర పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమువారిని గాని విచారింపవలెను.

ఎముకయు సున్నపు జాతిలోనిదే. కోడి కాలిఎముకను నిమ్మరసములో కొన్ని దినములుంచిన, అందలి సున్నము కరగి, మిగిలినది రబ్బరువలె వంగును. పిల్లలకు చూపదగిన వింత యిది. ఈ వింతనుండియే మన ఎరువుల పరిశ్రమ పుట్టినదన్న ఆశ్చర్యపడనక్కరలేదు. ఎముకలోని భాస్వరము నీట కరగదు గనుక పైరునకు మిక్కిలి ఆలస్యముగా నందును. దానిపై గంధకామ్లము పోసిన కరగెడు రూపము పొందును. ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ అను నాతడు ఈ పద్ధతికి 1842 లో హక్కుపత్రము పొందెను. అదియే సూపరుఫాస్ఫేటు. ఇప్పుడు ఎముకలకు మారుగా భాస్వరపు రాతిని వాడుచున్నారు. ఆ యెరువులో కొంత ఆమ్లము మిగిలియే యుండును. కావుననే సూపరు పోసిన ఇనుప గొర్రుపెట్టెను ఆ సాయంకాలమే కడిగి తుడువకున్న, మరుసటి కారునకు అది జల్లెడ యగును.

ఇట్లు మనము లోహముల దగ్గరకు వచ్చితిమి. ఇనుము, జింకు ఆమ్లమునకు త్వరగా లొంగును. లొంగునప్పుడు వెలువడు గాలి ఉదజని, అనగా హైడ్రోజను. అది మంటనంటుకొను స్వభావము గలది. జింకుపూత గల బకెట్టులో ఆమ్లము కలిపి, ప్రక్కన బీడీ ముట్టించుట రెండు తప్పులు ఒకేచోట చేయుట. బ్యాటరీ చార్జి యగుచున్నప్పుడును ఉదజని లేచును గనుక దాని మూతలు విప్పి అగ్గిపుల్ల వెలుగున నీరు చూడరాదు.

ఇనుమును పులుసు తినుట అన్నిచోట్ల నష్టమే యనరాదు. కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని వారములు పులియబెట్టుదురు. ఆ పులుపు ఇనుమును కొంత కరగించును. ఆ నీటినే కసిమి యందురు. కరక్కాయ పట్టించిన బట్టపై దానితో గీసిన నల్లని రేఖ వెంటనే నిలుచును. ఉసిరికాయను ఇనుపకత్తితో కోసిన కత్తియు కాయయు నల్లబడుట ఈ తరగతిలోనిదే. అందు విషమేమియు లేదు. ఇనుపమూకుడులో పులుసు కాచినను కొంత ఇనుము కూరలో చేరును. రుచి మారునే గాని హాని లేదు.

రాగి, ఇత్తడుల సంగతి వేరు, ఇందు ఎక్కువ జాగ్రత్త కావలెను. నల్లబడిన రాగిచెంబును చింతపండుతో తోమిన తళతళ మెరయును. రాగిపై గాలిచే ఏర్పడిన నల్లనిపొరను చింతపులుసు కరగించును, లోపలి స్వచ్ఛమైన రాగిని మాత్రము అంతగా నంటదు. ఇది చూచి కొందరు రాగి పులుపునకు చలింపదని తలంతురు. అయితే గాలి తోడైనపుడు కథ మారును. పులుసు పోసిన ఇత్తడిగిన్నె రాత్రంతయు నుండిన, గాలి రాగిని పొరగా మార్చుచుండును, పులుపు ఆ పొరను కరగించుచుండును. ఇట్లు ఒకరికొకరు సాయపడి రాగిని కూరలోనికి దింపుదురు. తెల్లవారి అంచున పచ్చనిచిలుము కనబడును. ఆ కూర తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి తప్పవు. రాగిచెంబులో మంచినీరు త్రాగుటకు అభ్యంతరము లేదు. అందు నిమ్మరసము గాని, మజ్జిగ గాని నిలువయుంచరాదు.

ఈ ప్రమాదమును నివారించుటకే మన పెద్దలు కళాయి వేయించిరి. కళాయివాడు పాత్రను నిప్పుపై కాచి, నవసారము చల్లి, తగరపు కడ్డీ తాకించి, దూదితో త్రిప్పి త్రిప్పి రుద్దును. కాగిన పాత్రపై నవసారమునుండి లేచు తెల్లనిపొగలో లవణామ్లపు ఆవిరి యున్నది. అది పాత్రమీది నల్లపొరను తినివేసి, తగరమునకు చోటిచ్చును. వంటింటిని ఆమ్లమునుండి కాపాడుటకు కళాయివాడు ఆమ్లమునే పనిచేయించుకొనుచున్నాడు, తాను దానిని ఆమ్లమని పిలువకున్నను.

తగరము పులుపునకు చాలవరకు నిలుచును. కాని తగరము ఖరీదైనది, సీసము చౌక. రెంటిని కలిపి పూయువారును గలరు. సీసము పులుపులో కరగి, దినదినము కొంచెము కొంచెముగా దేహమున నిలిచి, పసిపిల్లల మెదడును, నెత్తురును పాడుచేయును. దీనికి వాంతి రాదు, నొప్పి తెలియదు గనుక చిలుముకంటెను ఇది భయంకరము. కడ్డీని పరీక్షించు మార్గములు రెండు. శుద్ధమైన తగరపు కడ్డీని చెవిదగ్గర బెట్టి వంచినచో కిర్రుమను సన్నని చప్పుడగును. సీసము హెచ్చుగానున్న కడ్డీతో తెల్లకాగితముపై గీసిన పెన్సిలువలె బూడిదవన్నె గీత పడును. కళాయి వేయించు నాడు ఇల్లాలు ఈ రెంటిని చూచి గాని గిన్నె ఇయ్యరాదు. కళాయి అరిగి ఎర్రదనము కనబడిన పాత్రలో పులుసు పెట్టరాదు.

మనవారు సిల్వరుగిన్నె లనునవి వెండివి కావు, అల్యూమినియము. ఆ లోహమునకు గాలి తగులగనే కంటికి కనబడని గట్టిపొర ఒకటి కట్టును, అదియే దాని కవచము. పులుపు ఆ కవచమును కరగించును. వింత యేమన, చాకలిసోడాయు సున్నమును గూడ కరగించును. కాలినల్లని సిల్వరుగిన్నెలో చింతపండు కాచిన లోపల తెల్లబడుట చూచి సంతోషించువారు, ఆ తెల్లదనము గిన్నెనుండి ఒక పొర ఊడుటచే వచ్చినదని గ్రహింపవలెను. వండి వెంటనే వేరుగిన్నెకు మార్చిన సరే. రాత్రికి అందే యుంచుట మంచిది కాదు. స్టీలుపాత్ర పులుసునకు ఓర్చుకొనును, కాని ఉప్పును పులుపును కలిసి నెలల తరబడి యుండు ఊరగాయ దానికిని సూదిమొనవంటి గుంటలు వేయును. ఆవకాయకు పింగాణిజాడీని మించినది నేటికిని రాలేదు. జాడీ మెరుగును గాజును మనము వాడు ఏ ఆమ్లమును తినజాలదు. గాజును తిను హైడ్రోఫ్లోరికామ్లము వేరే గలదు గాని, దానితో రైతునకు పని లేదు. బంగారమును ఏ యొక్క ఆమ్లమును కరగింపలేదు. లవణామ్లము, నత్రికామ్లము కలిసిన ద్రావకమే దానిని కరగించును. కరీంనగరపు వెండితీగె పనికి మాత్రము నత్రికామ్లము శత్రువు.

మందు పిచికారి చేయువారికి మైలుతుత్తము సంగతి చెప్పవలెను. అది ఆమ్లము గాక లవణమే యైనను దాని నీరు పులుపుగుణము గలిగి, ఇనుమును ఆమ్లమువలె తినును. తిన్నచోట ఎర్రని రాగిపొర వదలును. ఇనుపబకెట్టులో కలిపినచో బకెట్టును పోవును, మందులోని రాగియు బకెట్టునకే అంటును, చెట్టున కేమియు మిగులదు. ప్లాస్టికుతొట్టిలో గాని, మట్టికుండలో గాని కలుపవలెను. నూటికి ఒక పాలు బోర్డోమిశ్రమమునకు 1 కిలో మైలుతుత్తము, 1 కిలో మంచి సున్నము, 100 లీటర్ల నీరు. రెంటిని వేర్వేరుగా కరగించి పిదప కలుపుదురు. సున్నము పాతదైన పులుపు చావదు, ఆకులు మాడును. పరీక్షకై మెరుగుపెట్టిన కొడవలిమొనను ఒక నిమిషము ఆ మిశ్రమమున ముంచి తీయుడు. ఎర్రపూత కట్టిన ఇంకను సున్నపుతేట పోయవలెను. పైన చెప్పిన పసుపు కాగితమును ముంచినను తెలియును. అది కొంచెము ఎర్రబారినచో సున్నము చాలినది.

ఇక పసుపుతోటల డ్రిప్పు. బోరునీటిలో సున్నము హెచ్చుగానున్న చోట డ్రిప్పరుల మూతులలో తెల్లనిపెచ్చు కట్టి నీరు నిలిచిపోవును. అది గ్రుడ్డుపెంకునకు తోబుట్టువు గనుక లవణామ్లమునకు లొంగును. గొట్టమును, డ్రిప్పరును ప్లాస్టికువి గనుక లొంగవు. పెచ్చు మాత్రము పోయి గొట్టము మిగులుట ఈ భేదము చేతనే. అయితే డ్రిప్పరు మూసికొనుటకు పెచ్చొక్కటే కారణము కాదు. ఒక డ్రిప్పరును కోసి, లోని మురికిని గాజుగ్లాసులో వేసి, నాలుగు చుక్కలు ఆమ్లము పోయుడు. బుసబుస పొంగి కరగినచో సున్నము. కదలక యున్న ఒండుమట్టి. దానికి ఫిల్టరు సరిచేసికొనవలెను గాని ఆమ్లము కాదు. జిగటగా పచ్చగా నున్న పాచి. దానికిని ఆమ్లము మందు కాదు. మట్టి పట్టిన గొట్టములో డబ్బాలకు డబ్బాలు ఆమ్లము పోసి డబ్బు నీళ్ళపాలు చేసినవారిని మేమెరుగుదుము.

కొలతకు పది లీటర్ల బోరునీటిని ప్లాస్టికుబకెట్టులో తీసికొని, మందుల అంగడిలో దొరకు పి.హెచ్. కాగితముతో చూచుచు, ఆమ్లమును ఒక్కొక్క మిల్లీలీటరుగా కలుపవలెను. కాగితము 4 చూపువరకు ఎంత పట్టినదో వ్రాసికొనవలెను. ఉదాహరణకు 6 మిల్లీలీటర్లు పట్టినదనుకొందము. మీ తోటలో గంటకు 6,000 లీటర్లు పారునచో పావుగంటకు 1,500 లీటర్లు. దానికి కావలసిన ఆమ్లము 900 మిల్లీలీటర్లు. దీనిని ప్లాస్టికుబకెట్టులో నీటితో పలుచన చేసి, ఫిల్టరులు దాటిన పిమ్మట నున్న వెంచూరిద్వారా ఎక్కింపవలెను. ఇసుకఫిల్టరు ఇనుపది, దానిలో ఆమ్లము పోరాదు. కొసనున్న డ్రిప్పరునీరు కాగితముపై 4 చూపగానే మోటారాపి, రాత్రంతయు నట్లే యుంచి, ఉదయమున గొట్టముల కొసమూతలు విప్పి తేటనీరు వచ్చువరకు పారింపవలెను. ఆ నాడు ఎరువు ఎక్కింపరాదు. పాచికై బ్లీచింగుపొడి వాడువారు దానిని ఆమ్లముతో ఒకే పాత్రలోను, ఒకే దినమునను వాడరాదు. రెండును కలిసిన క్లోరిను వాయువు లేచి ఊపిరితిత్తులను కాల్చును. మరుగుదొడ్లలోను ఈ రెంటిని ఒకదానిపై నొకటి చల్లి స్పృహ తప్పువారున్నారు.

గంధకామ్లమునకు వేరొక దుర్గుణము కలదు, నీటిదాహము. చిక్కని గంధకామ్లము చక్కెరలో, కట్టెలో, నూలులో నున్న నీటిపాలును లాగివేసి బొగ్గును మిగుల్చును. పత్తిగింజకు అంటిన నూగును తీయుటకు విత్తన వ్యాపారులు దీనినే వాడుదురు. కిలోకు ఇంచుమించు 100 మిల్లీలీటర్లు పోసి, రెండుమూడు నిమిషములు కలియబెట్టి, వెంటనే నీట కడుగుదురు. నూగు నశించును, గట్టి పెంకుగల గింజ నిలుచును. ఆలస్యమైన గింజయు చచ్చును. అంగడి విత్తనము నూగుతీసియే వచ్చును గనుక ఇంటిలో ఈ పని పెట్టుకొనరాదు. బ్యాటరీలోని ఆమ్లము పలుచనిదే, నూటికి ఇంచుమించు 35 పాళ్ళు. దాని చుక్క నూలుచొక్కాపై పడిన ఆ క్షణమున ఏమియు కనబడదు. నీరు ఆరినకొలది చుక్క చిక్కనై, ఉతికిన నాడు అచ్చట రంధ్రమగును. సిరిసిల్ల మగ్గముల పాలియెస్టరుబట్ట అంత త్వరగా పోదు. ఉన్నియు పలుచని ఆమ్లమున కోర్చుకొనును. అందుచేతనే మిల్లులలో ఉన్నికి చిక్కుకొన్న ముండ్లను, గడ్డిని పలుచని గంధకామ్లముతో మాడ్చి దులుపుదురు. చొక్కాపై చుక్క పడినదని తెలిసిన వెంటనే నీటను, వంటసోడానీటను జాడించిన బట్ట దక్కును.

మన చర్మము, కన్ను ఏ జాతివో చెప్పనక్కరలేదు. ఆమ్లమును నీటిలో పోయవలెను, నీటిని ఆమ్లములో ఎన్నడును పోయరాదు. గంధకామ్లముతో నీరు కలియునపుడు పుట్టు వేడికి పైనబడిన నీరు మరగి, ఆమ్లముతో సహా మొగముపైకి చిందును. రబ్బరుతొడుగులు, కంటిఅద్దములు లేక డబ్బామూత విప్పరాదు. నేలపై ఒలికిన దానిపై సున్నము గాని, బూడిద గాని, వంటసోడా గాని చల్లవచ్చును. ఒంటిపై పడినచో అవి పనికిరావు. తడిసిన బట్ట విప్పి, ధారగా మంచినీరు పోయవలెను. కంటిలో పడిన రెప్పలు విప్పి పట్టి, ఎడతెగక ఇరువది నిమిషములు నీటితో కడిగి, ఆ పిదప ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కడుగక ముందు ప్రయాణము వలదు. సున్నపునీరు, పాలు, ఆకుపసరు కంటిలో పోయరాదు. మ్రింగినవానికి వాంతి చేయింపరాదు. దిగునప్పుడు కాల్చినది ఎక్కునప్పుడు మరల కాల్చును. 108 కు కబురు చేయవలెను.

శీతలపానీయపు సీసాలలో ఆమ్లము పోసియుంచుట మన గ్రామములలో చాలచోట్ల చూచితిమి. దాహము గొన్న పిల్లవాడు సీసాను చూచునే గాని లోనిదానిని చూడడు. ఆమ్లములను దుర్మార్గులు ఆడువారిపై చల్లుటచే 2013 లో సుప్రీముకోర్టువారు వాని చిల్లర విక్రయమును కట్టుదిట్టము చేసిరి. అమ్మువాడు పుస్తకమున వ్రాసికొనవలెను. కొనువాడు గుర్తింపుపత్రము చూపి, కారణము తెలుపవలెను. 18 ఏండ్లు నిండనివారికి అమ్మరాదు. అంగడివాడు పత్రమడిగిన సభ్యులు కోపగించుకొనక చూపవలెను. కొన్న డబ్బాను దాని చీటీతోనే, తాళముగల చోట, నేలకు దగ్గరగా, ఎరువులకును బ్లీచింగుపొడికిని దూరముగా నుంచవలెను. తోటలో పోయునాడు ముందుగా రెండు బిందెల మంచినీరు గట్టుమీద నుంచుకొని, ఆ తరువాతనే మూత తీయవలెను.